ఇప్పచెట్టు కాడ మూడో పిలుపు

సుట్టుదారి మొత్తంలో మీకు ఎక్కడ నచ్చితే అక్కడ పడుకోండి. గెడ్డ ఒడ్డున పడుకోండి, కొండ నెత్తిన పడుకోండి, ఎలుగుబంటి పక్కలో దూరి పడుకున్నా నానేటీ అనను. ఇప్పచెట్టు కాడ మాత్రం పడుకోకండి.

ఎందుకంటే... అక్కడ పడుకున్నోళ్ళ సెవిలో ఎవులో పేరెట్టి పిలుత్తారు.

మీ పేరు కాదు. సచ్చిపోనోడి పేరు.

నవ్వుతన్నారా? నవ్వండి. పలాసలో ట్రైను దిగి నా ఆటో ఎక్కినోళ్ళందరూ ముందు నవ్వినోళ్ళే. వీపు మీద గోనెబస్తా అంత సంచి, ఆ సంచిలోంచి నోట్లోకి నీళ్ళగొట్టం, రెండు సేతులకీ రెండు కర్రలు. మా ముసిలోళ్ళకి ఒక కర్ర సాలు. ఇంత వయసులో ఉన్నోళ్ళు, మీకు రెండెందుకో నాకిప్పటికీ తెల్దు.

పైగా ఆ దారేటి దారి? సుమ్మాదేవి టేసను దాటి కొండ మొదట్లో గేటు కాడ బయల్దేరతారు. రోజుల తరబడి అడివిలో పడి కొండలెక్కి దిగుతారు. ఆఖరికి మళ్ళీ అదే గేటు కాడ తేల్తారు! బయల్దేరిన కాడికే తిరిగొచ్చే నడక మా కాడ గానుగెద్దు ఒక్కటే నడిసేది. దాని కళ్ళకి గంతలైనా కట్టేవోళ్ళం.

నాను పిరికోణ్ణనుకోకండి. మా జీడితోటలో ఎలుగూ నానూ ఎదురుపడ్డాం. అది నిలబడింది. నానూ నిలబడ్డాను. నిమ్మళంగా బీడీ ముట్టించి, పొగ దాని మొహం మీదికొదిలాను. దగ్గుకుంటా ఎల్లిపోనాది. ఇప్పటికీ దానికి ఆ దగ్గు తగ్గనేదు, గాలి ఇటు తిరిగితే వజ్రపుకొత్తూరు దాకా ఇనపడతాది. అలాటోణ్ణి నాను! అలాటి నానే పొద్దుగుంకినాక ఇప్పచెట్టు కాడికి ఎల్లను.

ఇది నా కంటితో సూసింది కాదు. నా మేనల్లుడు తరుణ్ సెప్పింది. ఆడికి అబద్దమాడ్డం రాదు. మా ఇంటా వంటా ఆ విద్య నాకొక్కడికే అబ్బింది. ఆడు బతుకులో ఆడిన అబద్దం ఒక్కటే... అది ఈ కతలోనే ఉంది.

ఆ ఇప్పచెట్టు కింద నల్లటి సపటా బండ ఉంటాది. దాని పక్కన 'సన్‌రైజ్ క్యాంపు' అనీసి బోర్డు పాతినారు కంపినీవోళ్ళు. నాను రెండో తరగతిలో బడిగోడ దూకీసినోణ్ణి, ఆ బోర్డు నాకు సదవడం రాదు. రావక్కర్నేదు కూడా. మా ముత్తాతల కాణ్ణుంచీ దాని పేరు దింపుడు కళ్ళం.

దింపుడు కళ్ళమంటే తెలుసా? తెలుగోళ్ళే గదా మీరు! పాడె మోసుకెల్తాం. సగం దారిలో కిందకి దింపుతాం. దింపి, పోనోడి కుడి సెవిలో అయినోళ్ళు పేరెట్టి మూడుసార్లు పిలుత్తారు. ఊపిరి ఎక్కడో మూల దాక్కోనుంటే, ఆ పిలుపుకి నెగిసి కూకుంటాడని. మూడో పిలుపుక్కూడా పలక్కపోతే, అప్పుడు... అప్పుడు ఒప్పుకుంటాం పోనాడని. ఒప్పుకోని ఎత్తుకుంటాం.

మా రాళ్ళకొత్తూరులో ఆడోళ్ళు ఆ బండ దాకానే ఒత్తారు. అక్కణ్ణుంచి యెనక్కి తిరిగిపోవాల. తల్లికైనా, పెళ్ళానికైనా, ఆఖరి సూపు అక్కడే.

ఎవులైనా నెగిసినారా అని మీ మొహాల్లో కనపడతంది. మా తాత నెగిసినాడు. మూడో పిలుపుకి కూకోని సుట్ట అడిగినాడు! మోసినోళ్ళు నలుగురూ నాలుగు దిక్కులకి పరిగెట్టినారు. ఆయన పాడె తనే సంకనెట్టుకోని ఇంటికొచ్చి, ఇంకో పెళ్ళి సేసుకున్నాడు. ఆ రెండో పెళ్ళాం మనవణ్ణే నాను. నమ్మకపోతే మానేయండి. ఆ ముసిలోడు నెగవకపోతే మీ ఆటో ఎవులు తోల్తన్నట్టు?

సరే. ఇంక నవ్వే కత కాదు.

అడివిలో జాగా తీసుకోని ఈ సుట్టుదారి నడిపే కంపినీ ఒకటుంది. దానికి కార్తికేయ అని మేనేజరు. టోపీ, నల్లద్దాలు. మా మసానం దారి ఆళ్ళ సుట్టుదారిలో కలిసిపోనాది. కలిసిందో కలిపేసినారో! దారి మొదట్లో ఇనప గేటు, రెండు పక్కలా ముళ్ళకంచె. పొద్దుగుంకితే గేటుకి తాళం. ఎందుకయ్యా అంటే గెస్టులకి ఇబ్బందంట. మా సావులు ఆళ్ళకి ఇబ్బంది!

ఆ తాళంచెవి మా తరుణ్ మొలతాటికుండేది. ఆడే అక్కడ వాచరు. ఆడయ్య రామూర్తికి కిడ్నీలు పోనాయి. ఉద్దానంలో ఎవులింట నేదు ఆ జబ్బు? డయాలసిస్‌కి పలాస తీసుకెల్లాల, తీసుకురావాల, మందులు కొనాల. ఆ జీతంతోనే ఆ ఇల్లు నడిసేది.

ఇలాగుండగా జానకిరామ్ పోనాడు.

బొడ్డమ్మ కొడుకు. ఒక్కడే కొడుకు. తరుణ్‌తో కలిసి గోలీలాడినోడు. జీడిపిక్కలు రాలే రోజులు గదా, తోటకి కాపలా పడుకున్నాడు. కట్లపాము. దాని కాటు సీమ కుట్టినట్టుంటాదంట, నిద్దర్లో తెలీదు. తెల్లారి సూత్తే సల్లగా, బిగుసుకోని ఉన్నాడు. నాడి సూసినోళ్ళు నేదన్నారు. కోడలు రోజా అన్నదమ్ములు ఎక్కణ్ణుంచో రావాల, ఆళ్ళొచ్చేతలికి సాయంత్రమైపోనాది. పైన నల్లగా మబ్బు.

పాడె గేటు కాడికొచ్చింది. గేటుకి తాళం.

తరుణ్ మేనేజరుకి ఫోన్ చేసి, అందరికీ ఇనపడాలని స్పీకర్లో పెట్టినాడు.

"తరుణ్, పైన గెస్టులు భోంచేస్తున్నారు. వాళ్ళ టెంట్ల మధ్యలోంచి శవాన్ని తీసుకెళ్తారా? తార్రోడ్డుంది కదా, అలా చుట్టి వెళ్ళమను. గేటు తెరిచావో, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఫోన్ ఆగిపోనాది. అందరూ తరుణ్‌నే సూత్తన్నారు.

"తియ్యి నానా," అంది బొడ్డమ్మ. "ఆ బండ దాకా. ఒక్కసారి పిలుసుకోని ఒచ్చీత్తాను."

తరుణ్ సెయ్యి మొల కాడికి ఎల్లింది. అక్కడే ఆగిపోనాది. "పెద్దమ్మా... మా అయ్య..." అన్నాడు. ఆ రెండు ముక్కలే.

వాన మొదలెట్టింది. కంచె కింద నుంచి బతికున్నోడైతే పాక్కోని దూరొచ్చు. పాడె దూరదు. ఇంకేటి సేత్తారు! ట్రాక్టరు మీదికెక్కించినారు. తార్రోడ్డెమ్మట గడగడలాడించుకుంటా తీసుకుపోనారు. ట్రాక్టరు బండ కాడ ఆగకుండా తిన్నగా మసానానికే పోతాది, ఆడోళ్ళెలా ఎల్తారు? బొడ్డమ్మా రోజా గేటు కాడే వానలో ఉండిపోనారు. అవతల కట్టెలు తడిసిపోతన్నాయని బేగి బేగి ముట్టించీసినారు.

దింపనేదు. పిలవనేదు.

ఆ రోజు నాను నిమ్మాడలో పెళ్ళికెల్లాను గనక సరిపోనాది. ఊళ్ళో ఉండుంటే ఆ గేటు వేళ్ళతో సహా పీకి, ఆ కార్తికేయ నెత్తిన టోపీ బదులు తొడిగేవోణ్ణి! ఒరే, కుక్కని పాతిపెట్టినా ఒక్క నిమిసం ఆగుతాం గదరా... మీ గెస్టు ముద్ద మింగడానికి మా బిడ్డ దారి మూసెత్తావా?

మీ మీద కాదు బాబూ ఈ అరుపు. మీ మీదా కొంచెం.

తరవాత మొదలైంది.

విశాఖపట్నం నుంచి ఒక జట్టు ఒచ్చింది. అందులో యామిని అని ఒకమ్మాయి. గట్టి పిల్లే, నా ఆటోలోనే ఒచ్చింది, సంచి తనే ఎత్తుకుంది. ఆ బండ మీద గుడారమేసుకోని పడుకుంది. నడిరేతిరి... గుడ్డకి అవతల నుంచి, సెవికి ఆనుకోని...

"జానకిరామూ... నానా..."

కెవ్వుమని అరిసింది. లైట్లేసినారు. ఎవులూ నేరు. జీడాకులు మాత్రం సరసరా... సరసరా... దిగువకి పోతన్నాయి.

ఇంకో జట్టుకీ అంతే. ఆ తరవాత జట్టుకీ అంతే. ఎప్పుడూ ఒక్క పిలుపే. అది ఇనగానే ఎవుడో ఒకడు గావుకేక పెడతాడు, అదేదో ఎల్లిపోతాది.

ఊళ్ళో అందరికీ అర్దమైపోనాది. దింపకుండా తీసుకుపోనోడు దిగడానికి ఒత్తన్నాడు. ఆడి పేరు ఆడే పిలుసుకుంటన్నాడు... పిలిసినోళ్ళు నేరు గదా మరి.

కార్తికేయకి పిచ్చెక్కింది. గెస్టులు రావడం మానేత్తన్నారు. తరుణ్‌ని పిలిసి, "దెయ్యమో మనిషో, ఈ రాత్రి నువ్వు అక్కడే పడుకుని పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే ఉద్యోగం మర్చిపో" అన్నాడు.

తరుణ్ నా కాడికొచ్చినాడు. "మావా, తోడు రావా?"

ఎల్దును. ఆటో పంచరైపోనాది.

నవ్వకండి. నిజంగా పంచరే.

ఆడొక్కడే ఎల్లినాడు. గుడారం నేదు. బండ మీద సాప, ఒక దుప్పటి. దోమలకి అలవాటు సొప్పున కాళ్ళ కాణ్ణుంచి నెత్తి దాకా ముసుగెట్టి, వెల్లకిలా, పొడుగ్గా పడుకున్నాడు. ఆ బండ మీద అలాగ పడుకునేవోళ్ళెవులో... పడుకున్నాక గానీ ఆడికి తట్టనేదు.

సీకటి. గాలి నేదు. దిగువ సుమ్మాదేవి కాడ గూడ్సుబండి ఒకటి పోనాది. ఆ సప్పుడు కొండకి తగిలి, సిన్నదైపోయి, ఆగిపోనాది. ఆ తరవాత ఏటీ నేదు.

అప్పుడు... జీడాకులు.

ఎండిపోయిన జీడాకు మీద అడుగు పడితే అప్పడం ఇరిసినట్టుంటాది. ఒకటి... ఆగింది. ఇంకోటి... ఆగింది.

ఎలుగేమో అనుకున్నాడు. ఎలుగైతే బాగుణ్ణనుకున్నాడు.

పళ్ళు టకటకా కొట్టుకుంటన్నాయి. ఆ సప్పుడు బయటికి పోద్దేమో అనీసి, దుప్పటి సెరుగు ముద్ద సేసి నోట్లోకి కుక్కుకున్నాడు. గొంతు దాకా కుక్కుకున్నాడు. ముక్కుతోనే ఊపిరి.

అడుగులు బండ కాడికొచ్చినాయి.

ఎవులో కూకున్నారు... తల కాడ.

దుప్పటి మీద ఒక సెయ్యి. నుదుటి మీద ఆనింది. బిడ్డకి జరం సూసినట్టు, అలాగ. ఆ సెయ్యి పక్కకి జరిగి సెవి ఎక్కడుందో ఎతుక్కుంది. కుడి సెవి. ఎచ్చటి ఊపిరి...

"జానకిరామూ... నానా..."

అరుద్దామనుకున్నాడు. నోట్లో గుడ్డ. అరుపు పొట్టలోనే ఉండిపోనాది.

అప్పటిదాకా ప్రతివోడూ అక్కడే అరిసినాడు. ఈడు అరవనేదు. అందుకని ఆ గొంతు ఆగనేదు.

"జానకిరామూ... అమ్మనిరా..."

అప్పుడు తెలిసింది తరుణ్‌కి. దెయ్యమూ కాదు, గియ్యమూ కాదు. బొడ్డమ్మ! ముసిల్ది కంచె కింద పాక్కోని, ముళ్ళు గీరుకోని, రోజూ ఒచ్చి పిలుత్తంది. రోజూ ఎవుడో ఒకడు అరిసి తరిమేత్తన్నాడు. మూడు పిలుపులు ఇంతవరకూ పూర్తవనేదు.

 నెగిసి పట్టుకుంటే ఉద్యోగం నిలబడతాది. కానీ నెగవనేదు. ఈవిడికి ఇంక ఒక్క పిలుపు మిగిలింది, ఆ రోజు గేటు కాడ నాను లాక్కున్నది ఇదే, ఇదైనా పూర్తి సేసుకోని పోనీ... అనుకున్నాడు. శవంలాగే పడుకున్నాడు.

"జానకిరామూ... పలకరా నానా..."

ఇప్పచెట్టు మీద ఆకు కదల్నేదు.

"...ఆఁ... అమ్మా..."

నిద్దట్లోంచి పలికినట్టు. బద్దకంగా.

తరుణ్ వీపు కింద నుంచి.

ఎనకాల సెట్ల సాటు నుంచి ఒక కేక. రోజా! అత్తకి తోడొచ్చి దూరంగా నిలబడిందంట.

"అత్తా! పలికినాడే! ఆడు పలికినాడే!" పరిగెట్టుకోనొచ్చి బండకి తల కొట్టుకోడం మొదలెట్టింది. "పామ్మత్తులో ఉన్నాడే... బతికే ఉన్నాడే... బతికున్నోణ్ణి తగలెట్టీసినామే అత్తా!"

ఆ సీకట్లో... దుప్పటి కింద నుంచి ఒక సెయ్యి దూరింది, ఇందాక నుదుటి మీద ఆనిన సెయ్యే. తరుణ్ మొహం తడిమింది. నోటి కాడికొచ్చింది. నోట్లో కుక్కుకున్న గుడ్డ తగిలింది. ఒక్క నిమిసం అలాగే ఆగిపోనాది. తరవాత, తడిసిపోయిన ఆ గుడ్డముద్దని మెల్లగా... మెల్లగా బయటికి లాగేసింది.

అప్పటికి రోజా సెల్లు లైటేసింది.

తరుణ్ నెగిసి కూకున్నాడు. రోజా నుదుట్నుంచి రగతం కారతంది. ఆ కళ్ళు సూసినాడు. ఆ కళ్ళతో రోజా ఇంక తెల్లారేదాకా బతకదని తెలిసిపోనాది ఆడికి.

"నానే వదినా," అన్నాడు. "తరుణ్‌ని. నిద్దర్లో ఉన్నాను... అమ్మా అంటే మా అమ్మనుకోని పలికేసినాను."

రోజా ఆణ్ణి సూసింది. లైటు మొహం మీదెట్టి సూసింది. తరవాత కాలి సెప్పు తీసింది.

"నీ జిమ్మడ! ఆవేళ తాళం తియ్యనోడివి, ఈవేళ నోరు తెరిసేవట్రా!"

కొట్టింది. ఎంత కొట్టిందో ఆడే సెప్పనేదు, ఈపు మీద గుర్తులు నాను సూసినాను. కొట్టి కొట్టి, సెప్పు పారేసి, ఆడి పక్కనే కూలబడిపోనాది. "ఈడేనే అత్తా... పలికింది ఈడే... సన్నాసోడు..." ఏడుత్తందో నవ్వుతందో తెలీదు. ఊపిరి మాత్రం తీసుకుంటంది.

బొడ్డమ్మ బండని సేత్తో నిమురుతంది.

"పడుకున్నది ఎవులో తెలీకుండానే పిలిసేవా పెద్దమ్మా?" అనడిగినాడు తరుణ్, ఏదోటి మాటాడాలని.

"ఎవుడైతే నాకేట్రా?" అందావిడ. అరవనేదు. అరిసినా బాగుణ్ణు. "నాకు ఈ బండ గావాల. ఒక సెవి గావాల. నా బిడ్డ సెవి మీరు ఉండనిచ్చినారేటి?"

ముగ్గురూ దిగొచ్చినారు. గేటు కాడ తరుణ్ తాళం తీసినాడు. బొడ్డమ్మ సెయ్యి సాపింది. తాళమూ, తాళంచెవీ రెండూ ఆవిడ సేతిలో ఎట్టీసినాడు. రెండూ గెడ్డలోకి ఇసిరేసింది.

తెల్లారి ఉద్యోగం ఊడింది. కార్తికేయ కొత్త తాళం ఏయించినాడు. అదీ పోనాది. ఇంకోటి ఏయించినాడు. అదీ అంతే. ఎవులు పీకుతన్నారో నాకేటి తెలుసు? నా సీటు కింద అంత పెద్ద కట్టరెందుకుందని మీరడక్కండి, నాను సెప్పను. గేటు మాత్రం ఈ రోజుక్కూడా బార్లా తెరిసుంటాది. ఇంకో తాళమెయ్యమనండి, ఏసినోడి సంగతి నాను సూత్తాను!

తరుణ్ ఇప్పుడు నా రెండో ఆటో తోల్తన్నాడు. నాకు రెండో ఆటో ఉందని మీకు సెప్పనేదు గదా. ఆడయ్య డయాలసిస్‌కి అందులోనే ఎల్తన్నాడు. నోట్లో గుడ్డ సంగతి నాకొక్కడికే సెప్పినాడు, ఊళ్ళో ఇంకెవులికీ సెప్పనేదు. మీరు బయటూరోళ్ళు గనక సెప్పినాను. దిగినాక మీ నోట్లోనూ గుడ్డ కుక్కుకోండి.

రోజా ఇప్పటికీ జీడిపిక్కల బస్తా నెత్తినెట్టుకోని ఎదురుపడితే ఆణ్ణి ఆపుతాది.

"ఆ రేతిరి పలికింది నువ్వే గదా?"

"నానే వదినా."

"మీ అయ్య మీద ఒట్టు?"

"మా అయ్య మీద ఒట్టు."

అప్పుడు గానీ కదల్దు.

బొడ్డమ్మ ఆ పక్కనే నిలబడుంటాది. ఇన్నాళ్ళలో ఆవిడొక్కసారీ అడగనేదు.